పెనుకొండ డ్రమ్ములో నూనె

నాకు ముక్కు మీదే కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అది నిజమే. కానీ నేను చేసిన పెద్ద తప్పు మాత్రం కోపంలో చేసింది కాదు. చాలా శ్రద్ధగా, చాలా నిజాయితీగా ఉన్నాననుకుంటూ చేసింది. ఇప్పటికీ అది గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను హిందూపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. దానితోపాటు ట్రాన్స్‌ఫార్మర్ నూనె మీద పరిశోధన చేస్తున్నాను. ఆ నూనె ట్రాన్స్‌ఫార్మర్ వేడిని లాగేస్తుంది, కరెంటు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకకుండా అడ్డం పడుతుంది. వోల్టేజీ పెంచుకుంటూ పోతే ఒక దశలో ఆ అడ్డు తెగిపోతుంది. నూనె అణువుల్లోంచి ఎలక్ట్రాన్లు ఊడి వస్తాయి, సన్నటి వెలుగు తీగ ఒకటి కొమ్మలు వేసుకుంటూ పాకుతుంది, అవతలి వైపు తాకగానే టప్పున మెరుపు. అది ఎప్పుడు, ఎలా జరుగుతుందో కంప్యూటర్లో సమీకరణాలు పెట్టి లెక్కకట్టడం నా పని. ఇదంతా మా అమ్మకు చెబితే, "అయితే నూనెలో పిడుగు ఎప్పుడు పడతాదో ముందే చెప్తావన్నమాట" అంది. నా థీసిస్ మొదటి అధ్యాయంలో నేను ఇంత బాగా రాయలేకపోయాను.

నా లెక్కల్లోని నూనె మడి కట్టుకున్న నూనె. అందులో దుమ్ము ఉండదు, తేమ ఉండదు, నలక ఉండదు. అవన్నీ కలిపితే సమీకరణాలు మొండికేస్తాయి. మా అన్న ఈ మాట పట్టుకుని నన్ను ఆటపట్టించేవాడు. "ఆ నూనె యాడ దొరుకుతాదో చెప్పు పాపా, మా షెడ్డుకు రెండు డ్రమ్ములు తెప్పిస్తా" అనేవాడు.

అన్నంటే మా పెద్దమ్మ కొడుకు. పెనుకొండలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు షెడ్డులో నూనె పరీక్ష చేసేవాడు. ఐటీఐ అయిపోయినప్పటి నుంచీ అదే షెడ్డు, అదే బల్ల. రిపేరైన ట్రాన్స్‌ఫార్మర్‌లో పోసే ముందు ప్రతి డ్రమ్ములోంచీ కాస్త నూనె తీసి, రెండు ఇత్తడి గుండ్లు ఎదురెదురుగా ఉన్న గాజు పాత్రలో పోసి, మెరుపు వచ్చేదాకా వోల్టేజీ పెంచుతాడు. గుండ్ల మధ్య సందు రెండున్నర మిల్లీమీటర్లు. నూనె కనీసం ముప్పై కిలోవోల్టుల దాకా తట్టుకోవాలి. అంతకన్నా తక్కువకే మెరిస్తే ఆ నూనె పనికిరాదు. నేను కంప్యూటర్లో రెండ్రోజులు నడిపించే కథను అన్న రోజుకు పదిసార్లు కళ్లారా చూసేవాడు.

ఒక ఎండాకాలం ఆ షెడ్డు నుంచి వెళ్లిన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పేలింది. పెనుకొండ దగ్గర పల్లెలో దిమ్మె మీదికెక్కించి, స్విచ్ వేసిన రెండు నిమిషాలకే పైమూత ఎగిరి, కాగిన నూనె కింద ఉన్న లైన్‌మన్ మీద పడింది. మొహానికి అడ్డం పెట్టుకున్నాడేమో, రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. పుట్టపర్తి ఆస్పత్రిలో చేర్చారు. ఆ లైన్‌మన్ మా అన్నకు ఐటీఐ నాటి స్నేహితుడు. ఇద్దరూ ఒకే క్యారియర్‌లో తిన్న మనుషులు.

షెడ్డు కాంట్రాక్టరు వెంటనే మాట తేల్చేశాడు. నూనె బాగాలేదు, అన్న పరీక్ష చేయకుండానే పాస్ చేశాడు, అంతే. అన్న మాత్రం చేశానని, పుస్తకంలో రాశానని అన్నాడు. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. ఉద్యోగం పోతుందన్న బెంగ ఎటూ ఉంది. దానికన్నా పెద్ద బెంగ ఇంకొకటి అన్నను లోపల్లోపల తినేస్తోంది. నేను ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లావా అని అడిగితే, "ఏం మొగం పెట్టుకోని పోయేది పాపా? వాని చేతులు కాల్చింది నేనేనేమో" అన్నాడు. కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

నాలుగు రోజులకు, కరెంటు శాఖ తరఫున విచారణ చేస్తున్న అధికారి నాకే ఫోన్ చేశాడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లో పోయగా సగం నూనె డ్రమ్ములో మిగిలి ఉందని, దానికి సీలు వేయించానని, షెడ్డుకు సంబంధం లేని చోట పరీక్ష చేయించాలని చెప్పాడు. షెడ్డులో ఆ నూనెను పరీక్ష చేసిన మనిషి మా అన్నేనని నేను ముందే చెప్పాను.

"తెలుసు మేడమ్. చుట్టుపక్కల ఈ మిషన్ మీ కాలేజీలోనే ఉంది. మీరు ఉన్నది ఉన్నట్టు చెబుతారని నా నమ్మకం" అన్నాడాయన.

ఆ మాట నా నెత్తికెక్కింది. అన్న కోసం తేలిగ్గా చూశానని ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆ నిమిషంలోనే నిర్ణయించుకున్నాను. నిజం తెలుసుకోవాలనే ఆత్రం కన్నా నన్నెవరూ ఏమీ అనకూడదనే ఆత్రమే ఎక్కువైందని అప్పుడు నాకు తెలియలేదు.

కాలేజీలో రెండు గాజు సీసాలు కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి, అట్టపెట్టెలో సర్దుకుని ఆదివారం ధర్మవరం వెళ్లాను. మా అమ్మ వాళ్ల ఇల్లక్కడే. ముందు గదిలో ఇప్పటికీ మగ్గం ఆడుతూనే ఉంటుంది. సోమవారం పొద్దున బయలుదేరే ముందు సీసాలు తీసి చూస్తే, మూతలు వదులై పెట్టెలోని థర్మోకోల్ పొట్టు ఒకటి రెండు చోట్ల లోపలికి జారి ఉంది. మగ్గం కింది బుట్టలోంచి రాణి రంగు పట్టు పీలిక ఒకటి తీసుకున్నాను. చీర కొసన మిగిలిన ముక్క. దాన్ని పుల్లకు చుట్టి రెండు సీసాలూ తళతళలాడేదాకా లోపలంతా తుడిచాను. నేత ఇళ్లల్లో ఇది అందరూ చేసే పనే. మా ఇంట్లో కళ్లద్దాలు తుడవాలన్నా పట్టే, దేవుడి పటాలకైనా పట్టే. చిన్నప్పుడు కంట్లో నలక పడితే అమ్మ పట్టు కొసతోనే తీసేది. దానికన్నా మెత్తనిది, శుభ్రమైనది లోకంలో ఉంటుందని మాకు తెలియదు.

పెనుకొండ షెడ్డులో అధికారి మనిషి సీలు విప్పాడు. అన్నను డ్రమ్ము దగ్గరికి రానివ్వలేదు. రేకుల చూరు కింద గోడకానుకుని నిలబడ్డాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. నేను సీసా మూత తీసి పైపు కింద పెట్టబోతుంటే అక్కడి నుంచే అరిచాడు.

"పాపా, అట్లే పట్టద్దు. ముందు ఆ నూనెతోనే సీసాను రెండు మూడు సార్లు కడిగి పారబోయల్ల. గుడ్డ గిడ్డ ఏం తగలనీయద్దు."

అందరూ నావైపు చూశారు. పరీక్ష ఎదుర్కొంటున్న మనిషే పరీక్ష చేసే మనిషికి పద్ధతి నేర్పడం నాకు తలవంపుగా అనిపించింది.

"శుభ్రం చేసే తెచ్చినా అన్నా. దీని మీదనే కదా నేను పీహెచ్‌డీ చేస్తాండేది" అన్నాను, కాస్త గట్టిగానే.

"సరేలే, సదువుకున్నదానివి. నీకు తెలిసే ఉంటాది" అన్నాడు.

అదే రోజు మధ్యాహ్నం హిందూపురంలో మొదటి సీసా పరీక్ష చేశాను. ఆరుసార్లు మెరిపించి సగటు తీయాలి. మొదటిది పంతొమ్మిదికే మెరిసింది. రెండోది ముప్పై నాలుగు. మూడోది ఇరవై రెండు. అలా కిందా మీదా పడుతూ ఆరయ్యేసరికి సగటు ముప్పైకి చాలా కింద తేలింది. అంటే నూనె చెడ్డది. అంటే అన్న అబద్ధం చెప్పాడు, లేదా పరీక్షే చేయలేదు. నేను కుర్చీలోంచి లేవకుండానే అధికారికి ఫోన్ చేసి అంకెలన్నీ చదివాను. మెయిల్ కూడా పంపాను. నా చెయ్యి వణకలేదు. వణకనందుకు గర్వపడ్డాను కూడా. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సాయంత్రం అన్నే ఫోన్ చేశాడు.

"ఎంతొచ్చింది పాపా?"

"తక్కువొచ్చింది అన్నా."

"ఎంత తక్కువ?"

చెప్పాను. "అట్లనా" అని పెట్టేశాడు. తిడితే బాగుండేది.

మరుసటి రోజు ఆ అంకెల్ని నా కంప్యూటర్ లెక్కతో పోల్చి చూద్దామని కూర్చున్నాను. శుభ్రమైన నూనె అయితే పంతొమ్మిది దగ్గర నా లెక్కలో చీమ చిటుక్కుమనదు. తేమ చేరిందనుకుని మళ్లీ నడిపించాను. తేమ ఉంటే మెరిసే వోల్టేజీ తగ్గింది నిజమే, కానీ ప్రతిసారీ ఒకేలా తగ్గింది. ఒకసారి పంతొమ్మిది, ఇంకోసారి ముప్పై నాలుగు రావడం ఏ రకంగానూ కుదరలేదు. నూనె అంతా చెడిపోతే ఆరు మెరుపులూ ఇంచుమించు ఒకచోటే ఉండాలి. ఇక్కడ ఒక్కో మెరుపుదీ ఒక్కో దారి. కంప్యూటర్ మీద విసుక్కున్నాను, మూడేళ్ల చాకిరీ మీద విసుక్కున్నాను. విసుగంతా అయిపోయాక మిగిలింది భయం. నూనెలో ఏదో ఉంది, ఒకసారి గుండ్ల మధ్యకు వస్తోంది, ఒకసారి పక్కకు పోతోంది. అదేమిటో తెలియకుండానే నేను మనిషి తలరాత రాసేశాను.

గురువారం పొద్దున రెండో సీసా తెరిచాను. పాత్ర గాజుకు దగ్గరగా ఫోన్ నిలబెట్టి, నిదానంగా కదిలేలా వీడియో పెట్టి వోల్టేజీ పెంచాను. ఇరవై ఒకటికే మెరిసింది. వీడియో వెనక్కి తిప్పి చూశాను. మెరుపుకు ముందు గుండ్ల పక్కన వెంట్రుక కన్నా సన్నటి పోగొకటి తేలుతోంది. వోల్టేజీ పెరిగేకొద్దీ అది మెల్లగా తిరిగింది. దాని వెనకే ఇంకొకటి వచ్చి కొస పట్టుకుంది. రెండూ కలిసి ఈ గుండు నుంచి ఆ గుండుకు గొళ్లెం వేసినట్టు అడ్డంగా నిలిచాయి. ఆ దారినే మెరుపు దూకింది.

ఆ పోగులు డ్రమ్ములో ఉంటే తప్పు షెడ్డుది. సీసాలో ఉంటే తప్పు నాది. నూనెను వడపోత కాగితంలో పోసి, కాగితాన్ని మెకానికల్ ల్యాబుకు తీసుకెళ్లి, లోహాలు చూసే మైక్రోస్కోపు కింద పెట్టాను. స్పష్టంగా కనబడేదాకా తిప్పాను. మామూలు కంటికి ఆనని ఆ పోగులు అద్దం కింద రాణి రంగులో ఉన్నాయి.

నేతింటి పిల్లకు ఆ రంగు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. రెండుసార్లు నూనెతో కడిగి పారబోసి ఉంటే ఆ పోగులు చాలావరకు కొట్టుకుపోయేవి. అన్న అదే చెప్పాడు. నలుగురిలో ఆయన నోరు మూయించాను.

అధికారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. పదకొండున్నరకు ఎత్తి, "రెండింటికి షెడ్డులోనే విచారణ ముగిస్తున్నాను మేడమ్, ఏదున్నా అక్కడ మాట్లాడదాం" అని పెట్టేశాడు. అన్న ఫోన్ స్విచాఫ్. క్లాసు ఎవరికో అప్పజెప్పి, వడపోత కాగితం, హ్యాండ్‌బ్యాగులో ఇంకా మిగిలే ఉన్న పట్టు పీలిక పట్టుకుని బస్టాండుకు పరుగెత్తాను. పెనుకొండ బస్సు నిండితే గాని కదలనన్నట్టు నిలబడింది. డ్రైవరును బతిమాలాను, కండక్టరు మీద అరిచాను. సోమందేపల్లిలో పదినిమిషాలు ఆగింది. కిటికీ ఊచ పట్టుకుని టైము చూస్తూ, ఆ అధికారి అన్నతో సంతకం పెట్టించే కాగితం ఏదైనా ఉంటే నేను వెళ్లేదాకా ఆగాలని దేవుళ్లందరికీ మొక్కాను.

వెళ్లేసరికి రెండుంపావు. షెడ్డులో బల్ల దగ్గర అధికారి, కాంట్రాక్టరు కూర్చున్నారు. అన్న నిలబడి ఉన్నాడు. బల్ల మీద కాగితం, దాని కింద అన్న సంతకం, ఇంకా తడి ఆరలేదు. ఆ రోజు నూనె పరీక్ష సరిగ్గా చేయలేదని, జరిగినదానికి తానే కారణమని రాసి ఉంది.

"ఎందుకు పెట్టినావన్నా సంతకం? చేసినానని చెప్పినావు కదా!" నా గొంతు కీచుమంది.

"నువ్వు చెప్పినాక ఇంగేముందిలే పాపా" అన్నాడు అన్న. "నువ్వు అబద్దం చెప్తావా? మిషను చెప్తాదా? ఆ పొద్దు నేనే సరిగ్గా సూడలేదేమో. మూడు రోజులుగా తలుచుకుంటాండా. చేసినట్లే గుర్తుండాది, చేయనట్లూ గుర్తొస్తాండాది."

అన్నేళ్ల తన అనుభవాన్ని ఆయన నా ఒక్క ఫోన్ మాట కింద పాతిపెట్టేసుకున్నాడు. నన్ను అంత నమ్మాడు. నేను ఆయన్ను సీసా కడగడం దాకా కూడా నమ్మలేదు.

నేను చేసిందంతా అధికారికి చెప్పాను. సీసాలు దేంతో తుడిచానో, అన్న వద్దన్నా ఎలా వినలేదో, ఏదీ దాచలేదు. కాంట్రాక్టరు నవ్వాడు.

"ఏం మేడమ్, అన్న కోసరం మాట మారుస్తాండారా? మొన్న ఒగటి, ఈ పొద్దు ఒగటా?"

ఏ మాట పడకూడదని ఇంత చేశానో ఆ మాటే పడ్డాను. చిత్రంగా కోపం రాలేదు. వడపోత కాగితాన్నీ, పట్టు పీలికనూ, ఫోన్‌లో తీసిన ఫొటోనూ పక్కపక్కన పెట్టాను. అధికారి కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నూనెలో ఈ పోగులున్నాయని తెలిసింది. అవి లేకపోతే నూనె మంచిదేనని మాత్రం దీన్ని బట్టి తెలియదు కదా" అన్నాడు.

"అవును సార్. డ్రమ్ములో నూనె ఇంకా ఉంది. ఇక్కడే, ఈ షెడ్డు మిషన్ మీదే, అందరి ముందూ చేద్దాం. తక్కువొస్తే ఆ సంతకం అలాగే ఉండనీయండి."

ఆ చివరి మాట అన్నాక గాని దాని బరువు తెలియలేదు. డ్రమ్ములో నూనె నిజంగానే చెడ్డదైతే? నాకు తెలిసింది నా తప్పు మాత్రమే, అన్న ఒప్పు కాదు.

అధికారి సీలు తనే విప్పాడు. అన్నను తాకనివ్వలేదు. గాజు పాత్రను డ్రమ్ము నూనెతోనే మూడుసార్లు కడిగి పారబోశాను. నాలుగోసారి అంచు పక్కగా, బుడగలు లేవకుండా పోశాను. మూత వేసి, నూనె తేరుకోవడానికి ఆగాం. అన్న వెనక్కి తిరిగి గోడవైపు మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

బటన్ నొక్కాను. మిషన్ జుయ్యిమంది. పది. పదిహేను. పంతొమ్మిది దాటింది. ఇరవై రెండూ దాటింది. ముప్పై. ఇంకా మెరవలేదు. నలభై. కాంట్రాక్టరు కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం పక్కన నిలబడ్డాడు. యాభై రెండు దగ్గర టప్పుమంది.

ఒక్కటి చాలదు. మళ్లీ కలియబెట్టి, ఆగి, మళ్లీ నొక్కాలి. యాభై నాలుగు. యాభై ఒకటి. ఆరో మెరుపు యాభై మూడుకు వచ్చింది. ఆరూ యాభైకి పైనే. ఆరూ ఒకచోటే.

అధికారి అంకెలు రాసుకుని, మొన్నటి రిపోర్టు తప్పని నా చేత అక్కడే రాయించుకున్నాడు. అన్న సంతకం పెట్టిన కాగితాన్ని మడిచి దాని వెనక పిన్ను చేశాడు. "నూనె తప్పు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ విప్పించి లోపల ఏమైందో చూస్తాం" అన్నాడు. కాంట్రాక్టరు ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లాడు.

అన్న ఇంకా గోడవైపే ఉన్నాడు. వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే తిరిగాడు.

"నేను కాదా?" అన్నాడు.

"నువ్వు కాదన్నా. నూనె మంచిదే. నువ్వు పరీక్ష సరిగ్గానే చేసినావు."

"నిజంగా నేను కాదా?"

"కాదన్నా. తప్పు నాది. నన్ను..." క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట పూర్తికాలేదు, అన్న వినడం లేదు. చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఉద్యోగం గురించి అడుగుతాడనుకున్నాను, ఆ సంతకం గురించి అడుగుతాడనుకున్నాను, కనీసం నన్ను నాలుగు తిడతాడనుకున్నాను. ఆయన షెడ్డు గడియారం వైపు చూసి, బడిపిల్లాడు టీచరును అడిగినట్టు అడిగాడు.

"అయితే పుట్టపర్తికి పోయి వాణ్ణి సూసి రావచ్చా పాపా?"

నన్ను అనుమతి అడుగుతున్నాడు. మూడు రోజుల కింద ఫోన్‌లో అంకెలు గడగడా చదివిన నన్ను.